మాంఝాకు ముందు ప్రయాణం

హైదరాబాద్ పాతబస్తీ కుటుంబాలలో, ఆ మాటకొస్తే నగరమంతటి మధ్యతరగతి ఇళ్లలో, ఇటీవలి కాలంలో ఒక అభిప్రాయం ఎదురులేని తీర్పులా స్థిరపడిపోయింది. పెళ్లి నిశ్చయమైన యువతి తన స్నేహితురాళ్లతో కలిసి ఒక వారాంతంలో దుబాయ్‌కో బ్యాంకాక్‌కో వెళ్లి రావడం, అంటే బ్యాచిలరెట్ ట్రిప్ అనే పేరుతో చలామణీ అవుతున్న ప్రయాణం, సినిమాలూ ఫోన్లూ మోసుకొచ్చిన పాశ్చాత్య వేలంవెర్రి అనీ, మన పెళ్లి ఆచారాలలో దానికి మూలం లేదనీ, అది డబ్బు దండగే కాక ఆడపిల్ల పరువుకూ భద్రతకూ చేటు తెచ్చేదనీ ఆ తీర్పు చెబుతుంది. పెద్దలు ఈ మాటను సంప్రదాయం తరఫున అంటారు, కొందరు నిరాడంబరత తరఫున అంటారు, అభ్యుదయవాదులుగా పేరున్న మరికొందరు మార్కెట్ మాయను ఎండగడుతూ అంటారు. కారణాలు వేరైనా ఆడపిల్ల ఇంట్లోనే ఉండిపోవాలన్న ముగింపు మాత్రం అందరిదీ ఒకటే. ఈ తీర్పు పాతబస్తీ పెళ్లిళ్ల స్వభావాన్నే తప్పుగా అర్థం చేసుకున్నదని చూపించడం అవసరం, ఎందుకంటే దాని భారం పడుతున్నది వాదించే పెద్దల మీద కాదు, సొంత సంపాదన ఉండి కూడా మూడు రోజుల కోసం పదిమంది దగ్గర అనుమతి అడగవలసి వస్తున్న యువతి మీద.

ముందుగా ఆ వాదంలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. పేరు పరాయిదే. పెళ్లికూతురి స్నేహితురాళ్లు పెళ్లికి ముందు చేసుకునే వేడుకను బ్రిటన్‌లో హెన్ పార్టీ అనీ అమెరికాలో బ్యాచిలరెట్ పార్టీ అనీ అంటారు. 1980ల నుంచి అక్కడ అది బాగా వ్యాపించి, విమాన ప్రయాణం చౌకయ్యేకొద్దీ ఒక రాత్రి విందు కాస్తా రెండు మూడు రోజుల విదేశీ యాత్రగా మారింది. 2018లో వచ్చిన 'వీరే ది వెడ్డింగ్' హిందీ చిత్రంలో నలుగురు స్నేహితురాళ్లు పెళ్లి గొడవల మధ్య థాయ్‌లాండ్ వెళ్లడం చూసి మన దగ్గర చాలామందికి ఆ ఊహ పుట్టి ఉండవచ్చు. ఈ వేడుకతో పాటు పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన ఒక భావన, అంటే పెళ్లితో స్వేచ్ఛ ముగిసిపోతుంది కాబట్టి చివరిసారిగా విచ్చలవిడిగా గడపాలన్న భావన, నిజంగానే తిరస్కరించదగినది, ఎందుకంటే అది పెళ్లిని జైలుగా ముందే ఒప్పేసుకుంటుంది. అయితే ఒక వేడుకకు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన, ఆ వేడుక తీర్చే అవసరం కూడా అక్కడి నుంచే వచ్చిందని రుజువు కాదు. ఆ అవసరం చార్మినార్ చుట్టుపక్కల గల్లీలలో తరతరాలుగా ఉన్నదే.

పాతబస్తీ ముస్లిం కుటుంబాల పెళ్లిలో నికా కంటే ముందు వచ్చే ఘట్టం మాంఝా. పెళ్లికూతురికి పసుపు రంగు బట్టలు కట్టి, పసుపు, సుగంధ ద్రవ్యాలు కలిపిన చిక్సా అనే నలుగుపిండి పూసి, ఇంట్లో ఒక గదిలో కూర్చోబెడతారు; అప్పటి నుంచి పెళ్లి దాకా ఆమె గడప దాటదు, ఇంటి పని ముట్టుకోదు, పరాయి మగవారి కంటబడదు. ఆ తరువాత మగపెళ్లివారు బట్టలు, నగలు, గోరింటాకు తెచ్చే సాంచక్, ఆపైన మెహందీ, నికా, వధూవరులు ఒకరి మొహం ఒకరు చూసుకునే జల్వా వరుసగా వస్తాయి. మాంఝాను ఇప్పుడు ఒక్క పూటలో ముగిస్తున్నారు గాని, ఒకప్పుడు అది రోజుల తరబడి సాగేది, ఆ రోజులన్నీ ఆ గది పూర్తిగా ఆడవాళ్ల చేతిలో ఉండేది.

ఆ గదిలో జరిగేదేమిటో దగ్గరగా చూస్తే ప్రస్తుత వాదం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. చాప మీద పెద్దావిడ ఒకరు డోలక్‌ను మోకాలి కింద అదిమిపట్టి వాయిస్తుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి దాని చెక్క మీద చెంచాతో టకటకా తాళం వేస్తుంది, మిగిలినవాళ్లు చప్పట్లతో అందుకుంటారు. డోలక్ కే గీత్ అనే ఆ దక్కనీ పాటలలో అత్త పిసినారితనం, ఆడపడుచు ఆరాటం, పెళ్లికొడుకు ముక్కుమూతి తీరు, అన్నిటికంటే ముఖ్యంగా సమ్ధన్, అంటే వియ్యపురాలు, ఏదీ వెక్కిరింతను తప్పించుకోదు. పగటిపూట నోరెత్తని కోడళ్లు ఆ రాత్రి తొలిరాత్రి ముచ్చట్లను కూడా పాటలో పెట్టి పాడతారు, పెళ్లికూతురు తలవంచుకునే నవ్వుతుంది. ఇవన్నీ పెద్దల ఎదుట, పెద్దల అనుమతితో, మగవారు వాకిలి అవతల ఉండగా జరిగేవి. పెళ్లి చేసుకోబోయే యువతికి తన వయసు ఆడవాళ్లతో కలిసి నవ్వుకునే, భయాలు చెప్పుకునే, దాంపత్యం గురించి అనుభవజ్ఞుల నోట వినే కాలం కావాలని ఆ సంప్రదాయం గుర్తించింది కనుకనే దానికి రోజులూ గదీ కేటాయించింది.

పాతబస్తీలోని తెలుగు ఇళ్లలో, అంటే లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ వంటి చోట్ల కూడా, సంగతి వేరుగా లేదు. పెళ్లికూతురిని చేసే రోజు నలుగు పెట్టే ముత్తయిదువలు పాడే పాటలలో, వియ్యాలవారి బంతిలో పాడే ఎగతాళి పాటలలో ఆడవాళ్లకు ఉండే చనువు మరే సందర్భంలోనూ వారికి దొరికేది కాదు. తెలుగు స్త్రీల రామాయణపు పాటలపై 1991లో వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో వెల్చేరు నారాయణరావు, మగవారు వినని పెరటి కూడికలలో స్త్రీలు పాడుకున్న కథలు సీత పక్షాన, రాముడి అక్క శాంత పక్షాన నిలబడి, పురుష రచనలలో కనిపించని ప్రశ్నలు వేస్తాయని నిరూపించారు. పెళ్లిపాటలకూ ఆ మాట వర్తిస్తుంది. ఆడవాళ్లు తమలో తాము ఉండగలిగిన చోటు దొరికినప్పుడే ఆ మాటలు పుట్టాయి, కనుక ఆచారంలో కాపాడవలసిన అసలు విషయం ఆ చోటే.

ఆ చోటు ఈ రోజు ఎక్కడుందన్నది సంప్రదాయవాదులు జవాబు చెప్పవలసిన ప్రశ్న. గత కొన్ని దశాబ్దాలలో మాంఝా, మెహందీ, సంగీత్ ఇల్లు వదిలి ఫంక్షన్ హాలుకు చేరాయి. డోలక్ ఉండవలసిన చోట డీజే స్పీకర్లు వచ్చాయి, చాప ఉండవలసిన చోట పూల వేదిక వచ్చింది. పెళ్లికూతురు ఎటు తిరిగి నవ్వాలో కెమెరా పట్టుకున్నవారు చెబుతారు, ఆ నవ్వు అప్పటికప్పుడే వందల ఫోన్లకు చేరుతుంది. హాలులో నాలుగు వందల మంది ఉన్నప్పుడు, అందులో సగం మంది ఆమె పేరు కూడా సరిగా తెలియనివారైనప్పుడు, ఆమె తన చిన్ననాటి స్నేహితురాలితో మనసు విప్పి మాట్లాడుకునే పావుగంట కూడా మిగలదు. ఆడవాళ్ల గదిని మూసేసింది బ్యాంకాక్ విమానం కాదు; ఆడంబరమే గౌరవమని నమ్మి, వేడుకను బంధువుల ముందు ప్రదర్శనగా మార్చిన కుటుంబాలే ఆ పని చేశాయి. స్నేహితురాళ్లతో మూడు రోజులు దూరంగా వెళ్లాలని అడుగుతున్న యువతి, సంప్రదాయం తన అమ్మమ్మకు ఇంట్లోనే ఇచ్చినదాన్ని తనకూ ఇమ్మని అడుగుతున్నది. ఇంట్లో అది దొరకనప్పుడు బయట వెతుక్కోవడం తప్పు ఎలా అవుతుందో ఆమెను తప్పుపట్టేవారు చెప్పాలి.

అయితే బయట అంటే విదేశమే ఎందుకని అడిగేవారుంటారు. దీనికి సమాధానం పాతబస్తీ ఆడవారికీ విదేశీ నగరాలకూ మధ్య ఉన్న పాత సంబంధంలో ఉంది, అది చాలావరకు బాధాకరమైన సంబంధం. 1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత ఇక్కడి మగవారు వేల సంఖ్యలో జెద్దా, రియాద్, దుబాయ్, కువైట్ వెళ్లారు. దుబాయ్ అనే పేరు పాతబస్తీ ఇళ్లలో ప్రతి ఆడపిల్లకూ ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు, కాని అది తండ్రి ఉండే చోటుగా, రెండేళ్లకోసారి అత్తరు, కంబళ్లు వచ్చే చోటుగా మాత్రమే తెలుసు. అంతకంటే దారుణమైన సంబంధం మరొకటుంది. పేద కుటుంబాల బాలికలను డబ్బు ఆశ చూపి వయసు మళ్లిన గల్ఫ్ దేశస్థులకు కట్టబెట్టే దందా ఎంత పాతదంటే 1982లోనే సాగర్ సర్హదీ 'బాజార్' చిత్రంలో దాన్ని కథావస్తువుగా తీసుకున్నారు. 1991లో హైదరాబాద్ నుంచి బయలుదేరిన విమానంలో ఏడుస్తున్న బాలికను ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించడంతో, ఆ పిల్లను అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడికి ఇచ్చి పెళ్లి చేసిన సంగతి బయటపడి దేశమంతా కలవరపడింది. 2017 సెప్టెంబరులో కూడా హైదరాబాద్ పోలీసులు ఇటువంటి పెళ్లిళ్ల కేసులో ఒమన్, ఖతర్ దేశస్థులతో పాటు ఖాజీలను సైతం అరెస్టు చేయవలసి వచ్చింది.

ఈ చరిత్ర తెలిసినవారికి ఒక విషయం స్పష్టంగా కనిపించాలి. ఈ బస్తీలో ఆడపిల్ల విదేశానికి వెళ్లడం ఎన్నడూ లేనిది కాదు. లేనిదల్లా ఆమె ఎక్కడికి, ఎవరితో, ఎన్ని రోజులు వెళ్లాలో ఆమే నిర్ణయించుకోవడం. ఎవరో కొన్న టికెట్ మీద, ఎవరో తీసిన పాస్‌పోర్టు మీద, ముక్కు మొహం తెలియని మనిషి వెంట వెళ్లిన అక్కలున్న చోట, తన జీతంతో కొన్న టికెట్ మీద, తాను నమ్మిన ఐదుగురు స్నేహితురాళ్లతో వెళ్లి, ఆదివారం రాత్రికి శంషాబాద్‌లో దిగే యువతిని చూసి బెదిరిపోవడం న్యాయం కాదు. ఆ రెండు ప్రయాణాలనూ ఒకే భద్రతా భయంతో చూడడం, మొదటిదాన్ని ఆపలేకపోయిన సమాజం రెండోదాన్ని ఆపి తన బాధ్యత తీరిందనుకోవడమే అవుతుంది.

సొంత కోరికతో వెళ్లినవారి ఉదాహరణ కూడా ఈ నగరంలో పాతదే. సరోజినీ నాయుడు 1895లో పదహారేళ్ల వయసులో నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్లి, లండన్ కింగ్స్ కాలేజీలోనూ కేంబ్రిడ్జిలోని గిర్టన్‌లోనూ చదివి, 1898లో తిరిగి వచ్చాక తాను కోరుకున్న గోవిందరాజులు నాయుడిని పెళ్లాడారు. పెళ్లికి ముందు పెద్ద విదేశీ నగరాన్ని చూసి రావడం హైదరాబాద్ ఆడపిల్లను చెడగొడుతుందని అనేవారు ఆమె పేరు గుర్తుపెట్టుకోవాలి. ఆమె వెళ్లింది చదువుకోవడానికి గాని సరదాకు కాదన్న జవాబు వస్తుంది. కాని అప్పుడు అభ్యంతరం ప్రయాణం మీద కాక ఆడవారి సరదా మీద అని తేలిపోతుంది, ఆ సరదాకు డోలక్ గదిలో పెద్దలే పీట వేశారని పైన చూశాం. మత నియమాన్ని ముందుకు తెచ్చేవారికి మరో సంగతి చెప్పాలి. హజ్ యాత్రకు వెళ్లే స్త్రీ వెంట మెహ్రం, అంటే భర్త గాని, పెళ్లాడడానికి వీల్లేనంత దగ్గరి బంధువైన పురుషుడు గాని ఉండాలన్న నిబంధనను భారత ప్రభుత్వ హజ్ విధానం 2018 నుంచి సడలించి, 45 ఏళ్లు దాటిన స్త్రీలు కనీసం నలుగురు కలిసి ఒక బృందంగా వెళ్లేందుకు అనుమతించింది. 2023లో మెహ్రం లేకుండా వెళ్లిన భారతీయ స్త్రీలు 4 వేల మందికి పైగా ఉన్నారు. ఉలేమా, అంటే మత పండితులు, అందరూ దీనితో ఏకీభవించరన్నది నిజమే, ఆ భేదాభిప్రాయాన్ని గౌరవించవలసిందే. కాని నలుగురు ఆడవాళ్లు కలిసి వెళితే అది రక్షణ కలిగిన ప్రయాణమేనన్న అవగాహన ఇప్పటికే పాతబస్తీ ఇళ్లలోకి వచ్చిందన్నది కూడా నిజమే.

చట్టం విషయంలో సందేహానికి తావు లేదు. మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న కేసులో 1978 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కాపాడే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని స్థిరపరిచింది. వయోజనురాలైన స్త్రీ పాస్‌పోర్టుకు తండ్రి సమ్మతి గాని కాబోయే భర్త సమ్మతి గాని అవసరం లేదు. పెళ్లైనవారు వివాహ ధ్రువీకరణ పత్రం జతచేయనక్కరలేదని 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ప్రకటించింది కూడా.

ఇక ఖర్చు. ఈ అభ్యంతరంలో ఎక్కువ బరువుంది, ఎందుకంటే పాతబస్తీలో పెళ్లి ఖర్చు నిజంగానే కుటుంబాలను కుంగదీస్తుంది. పేద ముస్లిం ఆడపిల్లల పెళ్లికి 2014 అక్టోబరు 2 నుంచి ప్రభుత్వమే షాదీ ముబారక్ పథకం కింద మొదట 51,000 రూపాయలు, తరువాతి కాలంలో 1,00,116 రూపాయలు ఇవ్వవలసి వచ్చిందంటేనే ఆ భారం అర్థమవుతుంది. కాని భారం ఎక్కడి నుంచి వస్తున్నదో చూడాలి. కట్నం, బంగారం, హాలు అద్దె, రెండు మూడు రకాల బిర్యానీలతో వందల మందికి పెట్టే భోజనం, మగపెళ్లివారికి ఫర్నిచరు, వాహనం, ఇవీ అప్పులు తెచ్చేవి. వీటి జోలికి పోకుండా, ఉద్యోగం చేసుకుంటున్న యువతి తన జీతంలోంచి దాచుకుని పెట్టే ఖర్చు మీద నిరాడంబరత పాఠం చెప్పడం సరైన చోట చెప్పే పాఠం కాదు. తండ్రి అప్పు చేసి ఈ ప్రయాణానికి పంపుతున్నట్లయితే మాత్రం ఆ ప్రయాణం మానుకోవలసిందే. ఈ వ్యాసం ఆ ఖర్చును సమర్థించదు.

అన్ని అభ్యంతరాలలోనూ నిజంగా ఆలోచింపజేసేది మరొకటి, దాన్ని పెద్దలు కాక స్నేహితురాళ్లే గుసగుసగా చెప్పుకుంటారు. ఆరుగురిలో ఒకరు కార్పొరేట్ ఆసుపత్రిలో డాక్టరు, ఒకరు హైటెక్ సిటీలో ఇంజనీరు, ఒకరు పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో లెక్కలు రాసే అమ్మాయి అయినప్పుడు, మూడో అమ్మాయి కాదనలేక ఒప్పుకుని, నెలల తరబడి ఆ బాకీ తీర్చుకుంటుంది, లేదా ఏదో సాకు చెప్పి మానేసి లోపల కుమిలిపోతుంది. డోలక్ గదిలో ధనిక పేద తేడా లేకుండా అందరికీ చాప మీద చోటుండేది; విమానం టికెట్టు అలాంటి చోటు ఇవ్వదు. ఇది నిజమైన లోపం, దీన్ని దాటగలిగేది ప్రణాళిక ఒక్కటే. ఎక్కడికి వెళ్లాలన్నది తేల్చే ముందే ఒక్కొక్కరూ తాము పెట్టగలిగింది ఎంతో పెళ్లికూతురికి విడివిడిగా చెప్పి, అందులో అతి తక్కువ మొత్తానికి సరిపోయే ఊరునే ఎంచుకోవాలి; ఆ మొత్తానికి విదేశం రాకపోతే విదేశాన్ని వదిలేసి, స్నేహితురాలిని ఉంచుకోవాలి. పెళ్లికూతురి వాటా మిగిలినవారు పంచుకోవాలన్న పాశ్చాత్య పద్ధతిని ఇక్కడ తెచ్చి పెట్టుకోనక్కరలేదు.

భద్రత గురించిన భయానికి కూడా ప్రణాళికే జవాబు, నిషేధం కాదు. ప్రయాణం తలపెట్టినవారు తెలుసుకోవలసిన సంగతులు చాలావరకు చిన్నవే, కాని తెలియకపోతే విమానాశ్రయంలోనే ఆగిపోవలసి వస్తుంది. ఉదాహరణకు తెలుగు, దక్కనీ కుటుంబాలలో చాలామంది ఆడవారి పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఒకే పేరు ఉంటుంది. అటువంటి పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించి, ఆ తరువాత రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలునని సవరించింది. దుబాయ్‌కు తీసుకువెళ్లే నొప్పి మందులలో ట్రమడాల్, కోడీన్ వంటివి అక్కడ నియంత్రిత జాబితాలో ఉంటాయి. థాయ్‌లాండ్ 2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు ఇవ్వడంతో బ్యాంకాక్ ప్రయాణం తేలికైంది. అక్కడ ఈ-సిగరెట్ దగ్గరుంచుకోవడం నేరమన్నది, సుకుంవిట్ వీధిలోని నానా ప్రాంతంలో హలాల్ భోజనం సులువుగా దొరుకుతుందన్నది ముందే తెలిస్తే మంచిది. టూర్ ప్యాకేజీ కొంటే దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవారు మూలంలోనే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను, పడుతుంది గాని, ఆదాయపు పన్ను రిటర్న్‌లో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. ఇంటి పెద్దలకు హోటల్ చిరునామా, విమానం వివరాలు ఇచ్చి వెళ్లడంలో లొంగుబాటు ఏమీ లేదు. ఏ ప్రయాణికుడైనా చేయవలసిన పనే అది.

తేదీ విషయంలో సంప్రదాయంతో తగవు పెట్టుకోవలసిన పనే లేదు. ముహర్రంలో ఇక్కడి ముస్లిం కుటుంబాలు, ఆషాఢంలో, శూన్యమాసంలో తెలుగు కుటుంబాలు పెళ్లిళ్లు పెట్టుకోవు. ఆ ఖాళీ రోజులలో వెళ్లిరావచ్చు. రంజాన్ ముగిశాక షవ్వాల్‌లో పెళ్లి పెట్టుకున్నవారు ఉపవాసాలకు ముందే ప్రయాణం ముగించుకుంటారు. మాంఝాలో కూర్చున్నాక గడప దాటకూడదన్న నియమం కూడా ఈ లెక్కలోనే భద్రంగా ఉంటుంది, కనుక పసుపు బట్టలు కట్టే రోజు కంటే కనీసం రెండు మూడు వారాల ముందు వెళ్లివస్తే పెద్దల మాటకూ భంగం రాదు, అలసటా మిగలదు.

చివరి అభ్యంతరం మగపెళ్లివారి నోట వస్తుంది, తరచుగా అదే అసలైనది. కాబోయే కోడలు అలా వెళ్లిందని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారన్నది ఆ అభ్యంతరం. పెళ్లికొడుకు స్నేహితులతో గోవా వెళ్తే ఈ ప్రశ్నను ఎవరూ వేయరు. మంగ్నీ, అంటే నిశ్చితార్థం, ఇస్లామిక్ న్యాయశాస్త్రం ప్రకారం ఒక వాగ్దానమే గాని వివాహం కాదు. దానితో కాబోయే భర్తకు ఆమె రాకపోకల మీద ఏ అధికారమూ రాదు. నికానామాలో, అంటే వధూవరుల మధ్య కుదిరే వివాహ ఒప్పంద పత్రంలో, షరతులు రాసుకునే వీలు ముస్లిం వివాహ న్యాయంలో ఉంది. చదువు, ఉద్యోగం, ప్రయాణం గురించిన షరతులను వధువు తరఫువారు అందులో చేర్పించవచ్చు. మూడు రోజుల ప్రయాణం గురించి ఇరుపక్షాల మధ్య ఇప్పుడే మాట వస్తే, రేపు ఆమె ఉద్యోగానికి, పుట్టింటికి, పై చదువుకు వెళ్లే విషయంలో ఆ ఇంటివారు ఏమంటారో కూడా ఖాజీ రిజిస్టరు తెరిచే లోపే తెలిసిపోతుంది, ఆ షరతులు ఏ మాటలలో రాయించుకోవాలో ఆమె తల్లిదండ్రులు కూర్చుని ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది.